తుప్పు నుంచి నీళ్ళదాకా: మధిర సూర్యప్రకాశ్ బొమ్మలు

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోతుంటే, పాల్వంచ దాటాక, రోడ్డు పక్కన ఒక కుంట కనిపించింది. డిసెంబరు పొద్దు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నీళ్ళ మీద చెట్ల నీడలు, నీడల మీద రాలిన ఆకులు, మధ్యమధ్యలో పూలు. కారు ఆపాం. పక్కనున్న మిత్రుడు ఫోను తీసి ఫోటో కొడుతూ, "అచ్చం మోనే బొమ్మలా ఉంది కదరా" అన్నాడు. నేనూ ఊఁ అన్నాను. నాకూ ఆ పేరే తట్టింది మరి.

తిరిగొచ్చేటప్పుడు అదే కుంట దగ్గర సిగ్గనిపించింది. ఇలాంటి నీళ్ళని ఏళ్ళ తరబడి గీసిన మనిషి ఒకాయన ఇక్కడికి కొన్ని గంటల దూరంలో ఉన్న మధిరలో పుట్టాడు. ఫ్రాన్సులో జివెర్నీ అనే ఊళ్ళో కొలను తవ్వించుకున్న క్లోద్ మోనే మాకిద్దరికీ గుర్తొచ్చాడు గానీ, మధిర సూర్యప్రకాశ్ గుర్తు రాలేదు. గుర్తొచ్చుంటే మటుకు ఏమనేవాళ్ళం? "మోనే ప్రభావం ఉన్న మన చిత్రకారుడు" అనేవాళ్ళం. అంతకంటే ఎక్కువ చెప్పడానికి మన దగ్గర మాటలు లేవనిపించింది. ఈ వ్యాసం ఆ మాటల కోసమే.

సూర్యప్రకాశ్ 1940లో పుట్టారు, 2019లో హైదరాబాదులో పోయారు. ఆయన బొమ్మలు నేను గ్యాలరీల్లో విడివిడిగా, ఒకటీ అరా చూశాను. అన్నీ వరసగా గోడల మీద పెట్టి, ఒక శైలి నుంచి ఇంకో శైలికి ఆయన ఎలా మారారో చూపించే ప్రదర్శన ఒకటి ఖమ్మంలో పెడితే ఎలా ఉంటుందని చాలాసార్లు ఊహించుకున్నాను. పెద్ద మ్యూజియాలు మోనేకీ, పికాసోకీ, మతీస్‌కీ చేసేది ఇదే: మొదటి గదిలో కుర్రతనం, చివరి గదిలో ముసలితనం, మధ్యలో మలుపులు. నా లెక్కలో సూర్యప్రకాశ్‌కి నాలుగు గదులు చాలు. కానీ ఆ గదుల్ని ఏ కథతో కలపాలన్నదే అసలు సమస్య.

మన దగ్గర రెండు కథలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి "విదేశీ ప్రభావం". రెండోది "మట్టి వాసన". మొదటి కథలో అన్నీ పారిస్ నుంచి వస్తాయి, రెండో కథలో అన్నీ ఊరి చెరువు నుంచి వస్తాయి. తెలుగులో చిత్రకళ గురించి రాసేటప్పుడు మనం ఈ రెంటి మధ్యా ఊగుతూ ఉంటాం. సూర్యప్రకాశ్ విషయంలో రెండూ చాలవని నా వాదన.

మొదటి గది: లేని జిల్లా

ముందు మట్టి వాసన సంగతి చూద్దాం. సూర్యప్రకాశ్‌ని "ఖమ్మం చిత్రకారుడు" అనడం తేలికే. కానీ ఆయన పుట్టినప్పుడు ఖమ్మం జిల్లా అన్నదే లేదు. మధిర నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం బ్రిటిష్ వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. భద్రాచలం వచ్చి ఖమ్మంలో కలిసింది 1959లో. 2016లో మళ్ళీ విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది. మనం ఒకే ప్రాంతం అనుకుంటున్నది ఆయన చిన్నతనంలో రెండు వేరువేరు ప్రభుత్వాల కింద ఉంది.

ఇంకో సంగతి. మధిర అడవి కాదు. అది మైదానం, వైరా ఏటి ఒడ్డు, పైగా రైల్వే స్టేషను. కాజీపేట నుంచి బెజవాడ పోయే లైను 1889లో పూర్తయింది. అదే ఏడాది ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గు, రైలు కలిసి వచ్చాయన్నమాట. కాబట్టి "అడవి ఒడ్డున పుట్టి ప్రకృతి ఒడిలో పెరిగి" అనే వాక్యం ఈయనకి అతకదు. రైలు కూత వినపడే ఊళ్ళో పుట్టిన మనిషి.

చదువు హైదరాబాదులో. అక్కడ ప్రభుత్వ చిత్రకళా పాఠశాల పెట్టింది కూడా ఆయన పుట్టిన 1940లోనే. అంతకుముందు ఇటువైపు నుంచి బొమ్మలు నేర్చుకోవాలంటే బొంబాయి పోవాల్సిందే. కరీంనగర్ వైపు నుంచి పాకాల తిరుమల్ రెడ్డి అలా వెళ్ళి, జె.జె. స్కూల్లో చదివి, 1941లో కొందరు మిత్రులతో కలిసి కొత్త తరహా బొమ్మల బృందం కట్టారు. "యంగ్ టర్క్స్" అని పిలిచేవాళ్ళు వాళ్ళని. అప్పటికే సెజాన్, వాన్ గో బొమ్మల అచ్చులు పుస్తకాల్లో, పత్రికల్లో వాళ్ళ చేతికి అందుతున్నాయి. అంటే సూర్యప్రకాశ్ కుంచె పట్టేనాటికి ఫ్రెంచి ఆధునిక చిత్రకళ ఇక్కడికి కొత్త చుట్టం కాదు. ఓ ఇరవై ఏళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న చుట్టమే.

రెండో గది: పారిస్ నుంచి ఢిల్లీ మీదుగా

తెలుగువాళ్ళకి పారిస్ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి నేరుగా వెళ్ళడం. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర, తర్వాత లండన్‌లో చదువుకుని, పారిస్ చేరి, స్టాన్లీ హేటర్ నడిపే ఆట్‌లియే 17 అనే ముద్రణ కార్ఖానాలో స్థిరపడ్డారు. మామూలుగా రంగుల ముద్రణ అంటే రంగుకొక పలక కావాలి. అక్కడ ఆయనా సహచరులూ కలిసి ఒకే లోహపు పలక మీద చాలా రంగులు ఒకేసారి అచ్చయ్యే పద్ధతి సాధించారు. కిటుకు నూనెలో ఉంది. పల్చటి సిరా, చిక్కటి సిరా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. మెత్తటి రోలరు పలక లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలరు పై అంచుల్నే తాకుతుంది. ఈ పద్ధతిలో ఆయన 1963లో చేసిన ప్రసిద్ధమైన అచ్చు పేరు "సుడిగుండం". చూడండి, పారిస్‌లో కూర్చుని ఒక తెలుగువాడు గీసింది కూడా నీళ్ళనే.

రెండో దారి సూర్యప్రకాశ్‌ది. ఆయన 1960 దశకంలో ఢిల్లీ వెళ్ళి రామ్ కుమార్ దగ్గర పని నేర్చుకున్నారు. రామ్ కుమార్ 1924లో సిమ్లాలో పుట్టారు. హిందీ రచయిత నిర్మల్ వర్మకి అన్నగారు, తనూ కథకుడే. ఆర్థికశాస్త్రం చదివి, బ్యాంకు ఉద్యోగం వదిలేసి, 1949లో పారిస్ వెళ్ళి ఆండ్రే లోట్, ఫెర్నాండ్ లెజే దగ్గర చదువుకున్నారు. తిరిగొచ్చాక 1950లలో గీసిన బొమ్మల్లో నగరాల్లోని ఒంటరి మనుషులు, పనిలేని కుర్రాళ్ళు, దిగులు మొహాలు కనిపిస్తాయి. 1960లో హుసేన్‌తో కలిసి కాశీ వెళ్ళారు. అక్కణ్ణుంచి వచ్చాక ఆయన బొమ్మల్లోంచి మనుషులు పోయారు. మెట్లు, గోడలు, నీళ్ళు మిగిలాయి. తర్వాత అవి కూడా కరిగి, రంగు పలకలు మాత్రం మిగిలాయి.

సూర్యప్రకాశ్ చేరింది ఈ మార్పు జరుగుతున్న గురువు దగ్గరికి. ఇది గమనించాల్సిన విషయం. ఒక శైలిలో స్థిరపడిన గురువు దగ్గర శిష్యుడు ఆ శైలి నేర్చుకుంటాడు. పాత శైలిని వదిలేస్తున్న గురువు దగ్గర ఏం నేర్చుకుంటాడు? వదిలేయడం నేర్చుకుంటాడు. బాగా వచ్చిన పనిని కూడా, అది ఇంక తను చూస్తున్నదాన్ని చెప్పలేకపోతే, పక్కన పెట్టవచ్చని నేర్చుకుంటాడు. పారిస్ నుంచి ఢిల్లీ మీదుగా మధిర మనిషికి అందింది అదే అనుకుంటాను. దాన్ని ప్రభావం అనలేం. ధైర్యం అనాలేమో.

మూడో గది: తుప్పు

సూర్యప్రకాశ్‌కి పేరు తెచ్చిన తొలి బొమ్మలు చాలామందికి ఆశ్చర్యంగా ఉంటాయి. పూలూ కొలనులూ కావవి. పాడుబడిన మోటారు వాహనాలు, తుక్కు ఇనుము, తుప్పు. విరిగిన బండి భాగాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అవి ఏ బండివో చెప్పలేం. కాసేపటికి అవి బండివన్న సంగతి కూడా మర్చిపోతాం. గోధుమ రంగు, ఎరుపు, నలుపు, మధ్యలో ఎక్కడో ఒక చల్లటి నీలం.

ఈ గదిలో నిలబడినప్పుడు గురువుకి గురువైన లెజే గుర్తు రావాలి. లెజే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. ఎండలో ధగధగలాడుతున్న ఫిరంగి లోహాన్ని చూసి కళ్ళు చెదిరిపోయాయని తర్వాత చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన బొమ్మల నిండా గొట్టాలు, చక్రాలు, ఉక్కు మెరుపు. మనుషుల చేతులు కూడా గొట్టాల్లాగే ఉంటాయి. యంత్రయుగం మొదట్లో ఒక ఫ్రెంచి కళ్ళకి యంత్రం అలా కనపడింది. యాభై ఏళ్ళ తర్వాత, ఆయన శిష్యుడి శిష్యుడు, హైదరాబాదులో, అదే యంత్రాన్ని పాత ఇనుప సామాను కొట్టు దగ్గర చూశాడు. యంత్రం మనదాకా వచ్చేసరికి ఎంత మెరుపు మిగిలిందో ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. దీన్ని కూడా "ప్రభావం" అంటే ఆ మాటకి అర్థం లేదు. ఇది జవాబు.

మా వైపు వాళ్ళకి ఈ తుప్పు కొత్త కాదు. సింగరేణి గనుల ఊళ్ళలో, పాల్వంచ థర్మల్ కేంద్రం చుట్టుపక్కల, పక్కన పడేసిన టబ్బులు, పాత లారీలు, వాన పడితే ఎర్రగా కారే ఇనుము, దాని వెనకే పచ్చటి అడవి. ఆ కరెంటు కేంద్రం తాగేది కిన్నెరసాని నీళ్ళు. ఇక్కడ తుప్పూ నీళ్ళూ ఒకే చోట ఉంటాయి. అయితే సూర్యప్రకాశ్ వీటిని చూసి గీశారని నేను అనడం లేదు. అలా అంటే మళ్ళీ మట్టి వాసన కథలో పడతాను. చూసే మాకు ఆ బొమ్మలు చప్పున అర్థమవడానికి కారణం మాత్రం ఇదే.

నాలుగో గది: నీళ్ళు

తర్వాతి దశాబ్దాల్లో తుప్పు పోయి ప్రకృతి వచ్చింది. చెట్లు, ఎండుటాకులు, ఆకుల కింద నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. పెద్ద క్యాన్వాసులు, వెలుతురు నిండిన రంగులు. డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ వారి ఆస్థాన చిత్రకారుడిగా ఉన్న కాలంలో జనానికి బాగా తెలిసినవి ఈ బొమ్మలే. మోనే పేరు వచ్చేది కూడా ఇక్కడే. సూర్యప్రకాశ్‌కి మోనే అంటే ఇష్టమన్నది దాచే విషయమేమీ కాదు. కాబట్టి మోనే సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

మోనే కూడా కొలనుతో మొదలవలేదు. 1877లో ఆయన పారిస్‌లోని సెయింట్ లజార్ రైల్వే స్టేషనుని డజను దాకా బొమ్మలు వేశాడు. ఆవిరి, పొగ, ఇనుప కప్పు. 1883లో జివెర్నీ చేరాడు. పదేళ్ళ తర్వాత, 1893లో, కొలను కోసం స్థలం కొన్నాడు. ఆ స్థలం ఇంటికి ఆనుకుని లేదు. రైలు పట్టాలకి అవతల ఉంది. రోజూ పట్టాలు దాటి కొలను దగ్గరికి పోయేవాడు. అక్కడి రైతులు గొడవ చేశారు కూడా. ఎక్కణ్ణించో తెచ్చిన మొక్కలు పెంచితే కింద మేము వాడుకునే నీళ్ళు పాడవుతాయని వాళ్ళ భయం. మోనే అధికారులకి అర్జీలు పెట్టుకుని, ఏటి పాయ నుంచి నీళ్ళు మళ్ళించుకున్నాడు. ప్రపంచంలో అతి ప్రశాంతమైన బొమ్మల వెనక ఒక నీటి తగాదా ఉంది. మన పల్లెల్లో ఎవరికీ ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. మనం మోనే తామరలు అంటుంటాం. అవి తామరలు కావు, కలువలు. రెంటికీ తేడా తెలుగువాళ్ళకి తెలుసు గానీ బొమ్మల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. తామరాకు కాడ మీద నీళ్ళపైకి లేస్తుంది, గాలికి ఊగుతుంది, దట్టంగా పెరిగితే నీళ్ళు కనపడనివ్వదు. కలువాకు నీళ్ళ మీద చాపలాగా పరుచుకుంటుంది, ఆకుకీ ఆకుకీ మధ్య నీళ్ళు కనపడతాయి. నీడలు గీసేవాడికి కలువ కావాలి. ఎందుకంటే ఆ ఖాళీ నీళ్ళలోనే ఆకాశం కనపడేది. సూర్యప్రకాశ్ నీళ్ళలో కూడా నా కన్ను పోయేది ఆ ఖాళీల మీదకే. పువ్వు అక్కడ ఒక నెపం.

మోనేకి 1912లో కళ్ళకి శుక్లాలని తేలింది. 1923లో ఆపరేషన్ అయింది. ఆ మధ్య కాలంలో తన కొలను మీది వంతెనని గీసిన బొమ్మలు చూడండి. 1899లో అదే వంతెనని ఆకుపచ్చగా, చల్లగా గీశాడు. ఇప్పుడు ఎరుపు, నారింజ, గోధుమ రంగు ముద్దలు ముద్దలుగా. వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక్క మాటలో చెప్పాలంటే తుప్పు రంగు. ఫ్రెంచి ఆయన నీళ్ళ దగ్గర మొదలై తుప్పుకి చేరాడు. మన ఆయన తుప్పు దగ్గర మొదలై నీళ్ళకి చేరారు. శైలి మారడం అంటే మెట్లెక్కడం అనుకుంటే, వీళ్ళిద్దరిలో ఎవరు పైకెక్కినట్టు, ఎవరు దిగినట్టు? నా ఉద్యోగంలో మార్పు అంటే పాతదాన్ని చెరిపేసి కొత్త వెర్షన్ పెట్టడం. బొమ్మల్లో అలా జరగదు. పాతది కింద పొరలో ఉండే ఉంటుంది. సూర్యప్రకాశ్ నీళ్ళలో కొన్ని గోధుమ రంగులు తుప్పు గదిలోంచే వచ్చాయనిపిస్తుంది.

మోనే 1926లో పోయాడు. ఆయన పెద్ద కలువల బొమ్మలు పారిస్‌లో ఒరాంజెరీలో 1927లో ప్రజలకి చూపించారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1950లలో అమెరికాలో ఆకారాల్లేని బొమ్మలు వేసే తరం వచ్చాక, వాళ్ళ బొమ్మల్ని చూసిన కళ్ళు వెనక్కి తిరిగి ముసలి మోనేని చూశాయి. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం కలువల బొమ్మ కొన్నది 1955లో. అంటే మనకి తెలిసిన మోనేని కొంతవరకు తర్వాతి తరం తయారు చేసింది. ఆకారాలు కరిగిపోతున్న రామ్ కుమార్ దగ్గర నేర్చుకున్న మనిషికి కొలను కనిపించింది కూడా ఇదే దారిలో అనుకుంటాను. ముందు ఆకారం వదిలేయడం వచ్చింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. నీళ్ళ కోసం మోనే దగ్గరికి వెళ్ళే అవసరం అప్పటికి లేదు. అక్కడ ఒక తోటివాడు దొరికాడంతే.

గోడ మీద లేనిది

ఇప్పటిదాకా చెప్పిందంతా మెచ్చుకోలే. కానీ నాలుగో గదిలో నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. ఈ నీళ్ళ దగ్గర మనుషులు ఎందుకు లేరు?

భద్రాచలంలో నీళ్ళని అడుగుల్లో కొలుస్తారు. 43 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. 2022 జులైలో 71.3. అక్కడి ముసలివాళ్ళు తమ వయసు కూడా వరదతో లెక్క చెప్తారు. ఇక పోలవరం ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్ళని ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చేశారు. వాటిలో ఎక్కువ కోయవాళ్ళ ఊళ్ళు. ఈ ప్రాంతంలో నీళ్ళంటే నీడలూ కలువలూ మాత్రమే కాదు. ఇల్లు ఖాళీ చేయడం కూడా. రోడ్డు పక్క కుంటలో కూడా ఎవరో చేపలు పడతారు, గొడ్లని కడుగుతారు. జివెర్నీ కొలను ఒకడి సొంతం. మన కుంట ఊరందరిదీ.

ఒక చిత్రకారుడు గీయనిదానికి ఆయన్ని నిలదీయడం న్యాయమేనా అని చాలాసార్లు అనుకున్నాను. రామ్ కుమార్ కాశీ బొమ్మల్లోంచి మనుషులు పోయినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చి ఉంటుంది. ఆయన చేతిలో ఖాళీ మెట్లు, మనుషుల బొమ్మలకంటే ఎక్కువ దిగులు మోశాయి. సూర్యప్రకాశ్ నీళ్ళు అంత దిగులు మొయ్యవు. అవి సంతోషం కోసం గీసినవి. ఆ సంతోషం నాకు దొంగదిగా అనిపించదు, ఎందుకంటే అది తుప్పుని చూసొచ్చిన సంతోషం. అయినా నా ప్రశ్న పోలేదు. దాన్ని ఆయన మీద కాకుండా ఆ బొమ్మల్ని గోడకి తగిలించుకునే మన మీద పెట్టడం సబబేమో. మనం నాలుగో గదినే ఇష్టపడి, మూడో గదిని మర్చిపోయాం. తుప్పు బొమ్మని ఎవరూ క్యాలెండరు మీద వేసుకోరు.

అందుకే ఖమ్మంలో ఆ ప్రదర్శన జరిగితే గదుల వరస మార్చాలనిపిస్తుంది. తుప్పు, నీళ్ళు ఒకే గదిలో, ఎదురెదురు గోడల మీద పెట్టాలి. చూసేవాళ్ళు మధ్యలో నిలబడి అటూ ఇటూ తిరగాలి. అప్పుడు కనపడుతుంది ఈయన అసలు పని: ఏ వస్తువునైనా దాని పేరు పోయేదాకా చూడటం. బండిని బండి కానంతవరకు, కుంటని కుంట కానంతవరకు. అది పారిస్ నుంచి వచ్చిన విద్యా కాదు, మధిర నుంచి వచ్చిన వాసనా కాదు. రోజూ కూర్చుని చేస్తేనే వచ్చేది.

మొన్న మిత్రుడు ఆ కుంట ఫోటో మళ్ళీ పంపాడు, కింద "మోనే" అని రాసి. నేను సూర్యప్రకాశ్ తుప్పు బొమ్మ ఒకటి తిరిగి పంపాను. "ఇదేంటి?" అన్నాడు. "అదే కుంట, అవతలి గట్టు" అన్నాను. కాసేపాగి ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం.